నరసమ్మ డీజిల్ పుస్తకం

బండి తిరిగితే డబ్బు వస్తుంది. బండి తిరిగితే డబ్బు పోతుంది కూడా. వచ్చిన డబ్బు చేతికి తగులుతుంది. పోయిన డబ్బు పొగలో కలిసిపోతుంది. రోజుకు రెండు వందలు, మూడు వందలు ఎక్కువ పోయినా తెలియదు. ఏడాది తిరిగాక చూస్తే చేతిలో ఏమీ మిగలదు. "ఎక్కడికి పోయింది?" అని ఒకరినొకరు అడుగుతారు. ఇంట్లో మాటలు పెరుగుతాయి.

పుస్తకం రాస్తే ఆ డబ్బు ఎటు పోయిందో కనిపిస్తుంది.

ఈ పాఠంలో ఒక బండి లెక్క ఉంది. మనుషుల పేర్లు పాఠం కోసం పెట్టినవి. లెక్క మాత్రం ఎవరి బండికైనా పనికొచ్చే లెక్క. డీజిల్ ధర ఊరూరికీ మారుతుంది. లెక్క తేలికగా ఉండడానికి లీటరు 100 రూపాయలు అనుకుందాం.

1. నరసమ్మ వ్యాపారం

నరసమ్మది మదనపల్లె దగ్గర పల్లె. మదనపల్లె టమాటా మార్కెట్టు చాలా పెద్దది. నరసమ్మ తెల్లవారుజామునే మార్కెట్టుకు పోతుంది. టమాటా, వంకాయ, పచ్చిమిరప కొంటుంది. పుంగనూరులో హోటళ్లకు, హాస్టళ్లకు వేస్తుంది.

ఆమెకు ఒక చిన్న ట్రాలీ బండి ఉంది. బ్యాంకు అప్పుతో కొన్నది. అన్న కొడుకు శివ డ్రైవరు. నెలకు 12 వేలు జీతం.

నరసమ్మ రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కూడికలు, తీసివేతలు వచ్చు. భాగహారం మెల్లగా చేస్తుంది.

మార్చి నెలలో ఆమెకు ఒక దిగులు పట్టుకుంది. డీజిల్‌కు ఇచ్చే డబ్బు పెరిగినట్టు అనిపించింది. ఎంత పెరిగిందో చెప్పలేదు. ఎందుకంటే ఎక్కడా రాయలేదు. పక్కింటి రవణమ్మ ఒక మాట అంది.

"వదినా, పిల్లోడు డీజిల్ తీసి అమ్ముకుంటాండాడేమో చూసుకో."

ఆ మాట నరసమ్మ మనసులో పడింది. అనుమానం పెనుభూతం అంటారు. శివ నవ్వినా అనుమానమే. ఆలస్యంగా వచ్చినా అనుమానమే.

ఏప్రిల్ 1వ తేదీన నరసమ్మ ఒక నోటుపుస్తకం కొంది. లెక్కల ఏడాది ఆ రోజే మొదలవుతుంది. ఏప్రిల్ 1 నుంచి మరుసటి మార్చి 31 వరకు ఒక ఆర్థిక సంవత్సరం.

2. పుస్తకంలో ఏమి రాయాలి

నరసమ్మ పుస్తకంలో ఐదు గళ్లు గీసింది.

తేదీ. మీటరు. లీటర్లు. రూపాయలు. ఏ పని మీద పోయింది.

మీటరు అంటే బండి తిరిగిన కిలోమీటర్లు చూపే అంకె. అది స్టీరింగు ముందు కనిపిస్తుంది. ఆ అంకె పెరుగుతుందే గాని తగ్గదు.

చాలామంది రూపాయలు మాత్రమే రాస్తారు. అది చాలదు. ధర పెరిగినా రూపాయలు పెరుగుతాయి. బండి ఎక్కువ తిరిగినా రూపాయలు పెరుగుతాయి. బండి చెడినా పెరుగుతాయి. డీజిల్ పోయినా పెరుగుతాయి. రూపాయలు ఒక్కటే చూస్తే కారణం తెలియదు. లీటర్లు, కిలోమీటర్లు కూడా ఉంటేనే తెలుస్తుంది.

3. మైలేజీ లెక్క

ఒక లీటరుకు బండి ఎన్ని కిలోమీటర్లు పోతుందో దాన్ని మైలేజీ అంటారు.

దీనికి ఒక పద్ధతి ఉంది. ముందు ట్యాంకు నిండా పోయించాలి. మీటరు అంకె రాసుకోవాలి. తర్వాత బండి నడపాలి. మళ్లీ ట్యాంకు నిండా పోయించాలి. ఇప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, అంతే ఖర్చయింది అన్నమాట.

మధ్యలో 500 రూపాయలకు, 300 రూపాయలకు పోయిస్తే? తప్పు లేదు. ఆ లీటర్లు కూడా రాయాలి. మళ్లీ ట్యాంకు నింపిన రోజున అన్నీ కలిపి లెక్క వేయాలి.

నరసమ్మ లెక్క చూడండి.

ఏప్రిల్ 1. ట్యాంకు నింపారు. మీటరు 12,400.
ఏప్రిల్ 6. ట్యాంకు నింపారు. మీటరు 12,800. పట్టింది 20 లీటర్లు.

తిరిగిన దూరం: 12,800 లోంచి 12,400 తీసేస్తే 400 కిలోమీటర్లు.
మైలేజీ: 400ను 20తో భాగిస్తే 20.

లీటరుకు 20 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు 5 రూపాయల డీజిల్.

ఏప్రిల్ 11. మీటరు 13,200. మళ్లీ 20 లీటర్లే. మైలేజీ 20.

నరసమ్మకు ధైర్యం వచ్చింది. "బండి బాగానే ఉంది. పిల్లోడూ బాగానే ఉన్నాడు" అనుకుంది.

4. అంకె మారింది

ఏప్రిల్ 16. మీటరు 13,600. ట్యాంకు నింపితే 25 లీటర్లు పట్టింది.

నరసమ్మ భాగహారం చేసింది. 400ను 25తో భాగిస్తే 16. మళ్లీ చేసింది. మళ్లీ 16 వచ్చింది.

అదే దారి. అంతే దూరం. ఐదు లీటర్లు ఎక్కువ. అంటే 500 రూపాయలు.

"శివా, ఇట్ల రారా. ఈ ఐదు లీటర్లు యాడికి పోయినాయి?"

శివ పుస్తకం చూశాడు. ముఖం మాడిపోయింది.

"అత్తా, నేను తీసినానని అనుకుంటాండావా?"

నరసమ్మ జవాబు చెప్పలేదు.

"తాళం నీ దగ్గరే పెట్టుకో. నా పక్కన కూర్చోని రా. ట్యాంకు నువ్వే నింపించు. అప్పుడు చూద్దాం" అన్నాడు శివ.

ఐదు రోజులు అలాగే చేశారు. రాత్రి తాళం నరసమ్మ తలగడ కింద. ట్యాంకు మూతకూ తాళం వేశారు. పగలు బండిలో శివ పక్కనే నరసమ్మ. ఇద్దరి మధ్యా మాటలు లేవు.

ఏప్రిల్ 21. మీటరు 14,000. నరసమ్మ కళ్ల ముందే ట్యాంకు నింపారు. మళ్లీ 25 లీటర్లు పట్టింది. మైలేజీ 16.

తాళం ఆమె దగ్గరే ఉంది. బండి ఆమె కళ్ల ముందే ఉంది. మరి డీజిల్ ఎవరు తాగారు?

బండే తాగింది.

వెంటనే బండిని మెకానిక్ దగ్గరికి తీసుకుపోయారు. అతను జాకీ పెట్టి వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. చక్రం తేలికగా తిరగలేదు. బ్రేకు పట్టుకొని ఉంది. బ్రేకు వదలకపోతే బండి తన్నుకుంటూ పోతుంది. ఇంజనుకు బరువు పెరుగుతుంది. డీజిల్ ఎక్కువ తాగుతుంది. చక్రం వేడెక్కుతుంది. అది ప్రమాదం కూడా. రెండు టైర్లలో గాలి కూడా తక్కువగా ఉంది. గాలి తగ్గినా డీజిల్ ఎక్కువ అవుతుంది.

బ్రేకు బాగు చేశారు. గాలి సరిచూశారు.

ఏప్రిల్ 26. మీటరు 14,400. పట్టింది 20 లీటర్లు. మైలేజీ మళ్లీ 20.

నరసమ్మ తాళం తీసి శివ చేతిలో పెట్టింది.

"అనుమానపడినాను రా. మనసులో పెట్టుకోవద్దు" అంది.

శివ రెండు రోజులు ముభావంగానే ఉన్నాడు. మూడో రోజు తానే పుస్తకం తెచ్చాడు. "అత్తా, ఈ పూట మీటరు రాసుకో" అన్నాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పుస్తకం ఎవరి పక్షమూ కాదు. శివ నిజంగా డీజిల్ అమ్ముకొని ఉంటే, తాళం నరసమ్మ దగ్గర ఉన్న ఐదు రోజుల్లో మైలేజీ 20కి వచ్చేది. అప్పుడూ పుస్తకమే చెప్పేది. నోటి మాటతో మనిషిని పంపేసి ఉంటే శివ బతుకు పోయేది. చెడిన బ్రేకు మాత్రం అలాగే ఉండేది.

5. బంకు దగ్గర జాగ్రత్త

పోయించే ముందు మిషనులో అంకె సున్నా మీద ఉందో లేదో చూడాలి. ఆ తర్వాతే పోయించాలి.

కొలత మీద అనుమానం వస్తే అడగవచ్చు. ప్రతి బంకులో 5 లీటర్ల కొలత పాత్ర ఉండాలి. దానితో కొలిచి చూపమని అడిగే హక్కు కొనేవారికి ఉంది.

బిల్లు అడిగి తీసుకోవాలి. బిల్లు మీద బండి నంబరు రాయించుకోవాలి. మిషను ఇచ్చే బిల్లు మీద అక్షరాలు కొన్ని నెలలకు చెరిగిపోతాయి. ఎండకు ఇంకా తొందరగా పోతాయి. అందుకే బిల్లును ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోవాలి. లేదా జిరాక్స్ తీసి పుస్తకానికి అంటించాలి.

6. ఇంటి పని వేరు, వ్యాపారం పని వేరు

మే 1వ తేదీన ట్యాంకు నింపారు. మీటరు 14,800. పట్టింది 20 లీటర్లు. ఒక నెల లెక్క పూర్తయింది.

తిరిగిన దూరం: 2,400 కిలోమీటర్లు.
డీజిల్: 20, 20, 25, 25, 20, 20. మొత్తం 130 లీటర్లు.
ఖర్చు: 13,000 రూపాయలు.

బండి బాగుంటే 120 లీటర్లే పట్టేది. పది లీటర్లు దండగ. బ్రేకు మింగింది వెయ్యి రూపాయలు.

నరసమ్మ ఐదో గడి చూసింది. "ఏ పని మీద" అనే గడి. అందులో ఇవి కూడా ఉన్నాయి.

ఏప్రిల్ 8. ఇంటికి ఇసుక, సిమెంటు. 60 కిలోమీటర్లు.
ఏప్రిల్ 13. బర్రెలకు మేత. 40 కిలోమీటర్లు.
ఏప్రిల్ 19. చుట్టాల పెళ్లికి వంటపాత్రలు. 90 కిలోమీటర్లు.
ఏప్రిల్ 28. చెల్లెలి ఇంటికి బియ్యం మూటలు. 50 కిలోమీటర్లు.

మొత్తం 240 కిలోమీటర్లు. ఇవన్నీ నరసమ్మ చెప్పి పంపిన పనులే. శివ సొంత పని ఒక్కటీ లేదు.

2,400లో 240 అంటే పదో వంతు. కాబట్టి డీజిల్ ఖర్చులో కూడా పదో వంతు ఇంటిది.

ఇంటి ఖర్చు: 1,300 రూపాయలు.
వ్యాపారం ఖర్చు: 11,700 రూపాయలు.

ఈ రెంటినీ కలపకూడదు. కలిపితే వ్యాపారంలో లాభం ఎంతో తెలియదు. పన్ను లెక్కలోనూ తప్పు వస్తుంది.

7. పన్ను లెక్కలో డీజిల్

కొంతమంది ఇలా అనుకుంటారు. "ఏడాదికి 24 లక్షల సరుకు అమ్మినాము. 24 లక్షలకు పన్ను పడుతుంది." ఇది పొరపాటు. అమ్మకం అంతా ఆదాయం కాదు. అమ్మకం లోంచి వ్యాపారం ఖర్చులు తీసేయాలి. మిగిలిందే ఆదాయం. ఆదాయపు పన్ను చూసేది దానికే.

వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చును తీసేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. బండికి సంబంధించి ఇవి తీసేయవచ్చు.

డీజిల్, పెట్రోలు. రిపేర్లు, టైర్లు. బండి ఇన్సూరెన్సు. డ్రైవరు జీతం. బండి అప్పు మీద వడ్డీ. బండి తరుగుదల. తరుగుదల అంటే బండి పాతబడి విలువ తగ్గడం. ఏటా ఎంత శాతం రాయాలో చట్టమే చెబుతుంది.

ఇవి తీసేయకూడదు.

ఇంటి పని మీద తిరిగిన డీజిల్. అప్పు కంతులో అసలు భాగం. ట్రాఫిక్ తప్పుకు కట్టిన జరిమానా.

ఇంకో నియమం గుర్తుంచుకోవాలి. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే, మామూలుగా ఆ ఖర్చును పన్ను లెక్కలో ఒప్పుకోరు. పెద్ద మొత్తమైతే బ్యాంకు ద్వారా గాని, ఫోను ద్వారా గాని ఇవ్వాలి.

ఇప్పుడు ఏడాది లెక్క చూద్దాం. నెలకు 13,000 చొప్పున 12 నెలలకు డీజిల్ 1,56,000 రూపాయలు. అందులో పదో వంతు ఇంటిది. అంటే 15,600. మిగిలిన 1,40,400 వ్యాపారానిది.

అమ్మకం: 24,00,000
కూరగాయలు కొన్నది: 17,50,000
మిగిలింది: 6,50,000

డ్రైవరు జీతం: 1,44,000
మిగిలింది: 5,06,000

వ్యాపారం డీజిల్: 1,40,400
మిగిలింది: 3,65,600

రిపేర్లు, ఇన్సూరెన్సు, వడ్డీ, తరుగుదలలో వ్యాపారం వంతు: 65,600
ఆదాయం: 3,00,000

డీజిల్ పుస్తకం లేకపోతే? డీజిల్ ఖర్చు చూపలేదు. ఆదాయం 4,40,400గా కనిపిస్తుంది. సంపాదించని డబ్బు సంపాదించినట్టు అవుతుంది.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను పద్ధతిలో 4 లక్షల వరకు పన్ను లేదు. ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాలి. రిటర్ను అంటే ఆదాయం ఎంతో ప్రభుత్వానికి చెప్పే పత్రం. వ్యాపారం మీద వచ్చే ఆదాయం 12 లక్షల వరకు ఉంటే రిబేటు వస్తుంది. పన్ను కట్టనక్కర లేదు. అయినా రిటర్ను వేయాల్సిందే. ఈ అంకెలు బడ్జెట్టుతో మారుతుంటాయి. ఏ ఏడాదికి ఆ ఏడాది అడిగి తెలుసుకోవాలి.

సొంత పొలంలో పండించి అమ్మిన పంట మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం. దానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. కాని ఒకరి దగ్గర కొని ఇంకొకరికి అమ్మితే అది వ్యాపారం. నరసమ్మది వ్యాపారం.

చిన్న వ్యాపారులకు ఇంకో దారి కూడా ఉంది. దాన్ని అంచనా పద్ధతి అనవచ్చు. ఏడాది అమ్మకం 2 కోట్ల లోపు ఉన్నవారు అమ్మకంలో 8 శాతం గాని, అంతకన్నా ఎక్కువ గాని ఆదాయంగా చూపవచ్చు. బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా వచ్చిన అమ్మకానికి 6 శాతం చాలు. ఈ దారిలో డీజిల్‌ను మళ్లీ విడిగా తీసేయడానికి వీల్లేదు. అది ఆ అంచనాలోనే కలిసిపోతుంది.

"అట్లయితే పుస్తకం ఎందుకు?" అని నరసమ్మ ఆడిటరును అడిగింది.

ఆడిటరు ఇలా చెప్పాడు. "24 లక్షలకు 8 శాతం అంటే 1,92,000. మీకు నిజంగా మిగిలింది 3 లక్షలు. ఆ సంగతి మీ పుస్తకం చూస్తేనే తెలిసింది. రిటర్నులో 1,92,000 చూపితే బ్యాంకు అదే నమ్ముతుంది. రెండో బండికి అప్పు తక్కువ వస్తుంది. నిజం మూడు లక్షలు కాబట్టి మూడు లక్షలే చూపండి. దానికీ పన్ను లేదు."

నరసమ్మ ఆదాయం 4 లక్షల లోపే. అయినా రిటర్ను వేయించింది. బ్యాంకులో చూపడానికి అది పనికొస్తుంది.

పుస్తకం, బిల్లులు ఏడాది కాగానే పారేయకూడదు. ఎనిమిదేళ్లు దాచిపెట్టడం మంచిది. చెదలు పట్టకుండా రేకు పెట్టెలో పెట్టాలి.

8. బండి ఏదైనా పద్ధతి ఒకటే

చేపలు అమ్మేవారికి మోపెడ్ ఉంటుంది. చీరలు అమ్మేవారికి స్కూటీ ఉంటుంది. కొందరికి ఆటో ఉంటుంది. అందరికీ ఇదే లెక్క. కరెంటు బండి ఉన్నవారు లీటర్లకు బదులు యూనిట్లు రాయాలి.

రోజుకు ఐదు నిమిషాలు చాలు. పుస్తకం బండిలోనే ఉండాలి. పెన్ను దారంతో కట్టి ఉంచాలి. మీటరు అంకె ఆ పూటే రాయాలి. రేపు రాద్దామంటే గుర్తుండదు. తోచిన అంకె వేసి గళ్లు నింపకూడదు. అలా నింపితే లెక్క తప్పు దారి చూపుతుంది.

కొత్త మాటలు

మైలేజీ: ఒక లీటరుకు బండి పోయే దూరం.
ఆర్థిక సంవత్సరం: ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు.
తరుగుదల: బండి, యంత్రం పాతబడి విలువ తగ్గడం.
రిటర్ను: ఏడాది ఆదాయం చెప్పే పత్రం.
రిబేటు: పన్నులో ప్రభుత్వం ఇచ్చే తగ్గింపు.

చదివి జవాబు చెప్పండి

1. రూపాయలు మాత్రమే రాస్తే ఎందుకు చాలదు?
2. తాళం నరసమ్మ దగ్గరే ఉన్నా 25 లీటర్లు పట్టింది. దీన్నిబట్టి ఏమి తెలిసింది?
3. అప్పు కంతులో ఏ భాగం ఖర్చు? ఏ భాగం కాదు?
4. మాట విని శివను పనిలోంచి తీసేసి ఉంటే ఎవరెవరికి నష్టం?

లెక్క చేయండి

1. రాజమ్మ మోపెడ్ మీద చేపలు అమ్ముతుంది. ట్యాంకు నింపినప్పుడు మీటరు 5,000. మళ్లీ నింపినప్పుడు 5,165. పట్టింది 3 లీటర్లు. మైలేజీ ఎంత?
2. మూడోసారి నింపినప్పుడు మీటరు 5,300. మళ్లీ 3 లీటర్లే పట్టింది. ఇప్పుడు మైలేజీ ఎంత? ఎంత తగ్గింది? రాజమ్మ ముందుగా ఏమి చూడాలి?
3. ఈ 300 కిలోమీటర్లలో 60 కిలోమీటర్లు ఇంటి పని మీద తిరిగింది. పెట్రోలు ఖర్చు 600 రూపాయలు. ఇంటి వంతు ఎంత? వ్యాపారం వంతు ఎంత?

జవాబులు: 1. లీటరుకు 55 కిలోమీటర్లు. 2. లీటరుకు 45 కిలోమీటర్లు. 10 తగ్గింది. ముందు టైర్లలో గాలి, బ్రేకు చూడాలి. 3. ఇంటి వంతు 120 రూపాయలు. వ్యాపారం వంతు 480 రూపాయలు.

మీరు చేయండి

ఈ రోజే మీ ఇంటి బండి దగ్గరికి పోండి. మీటరు అంకె చూడండి. తేదీ వేసి కింద రాయండి.

తేదీ: ............ మీటరు: ............